‘నేవు’ అంటే ‘నేను’ కాదు

మా పిన్నిది శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గర పల్లె. పోయిన వేసవిలో నేను అక్కడున్నప్పుడు, వాళ్ల వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి, "రెండు రోజుల్నుంచి కుళాయిలో నీళ్లు నేవు" అంది. తెర మీద "నీళ్లు నేను" అని పడింది. చెరిపేసి మళ్లీ అంది. మళ్లీ "నేను". మూడోసారి గొంతు సవరించుకుని, టీవీలో వార్తలు చదివేవాళ్లలా ఒక్కో అక్షరం వత్తి "లేవు" అంది. అప్పుడు సరిగ్గా పడింది. "ఏటమ్మా ఇది, నానొకటంటే ఇదొకటి రాత్తంది" అంటూనే మెసేజ్ పంపేసి పనిలో పడిపోయింది.

నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఇలాంటి యంత్రాలకు తెలుగు వినడం నేర్పే పని నేను రెండేళ్లు చేశాను.

ఆ పని ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాం. ఐదు నుంచి పది సెకన్ల ఆడియో ముక్క ఒకటి వస్తుంది. దాన్ని క్లిప్పు అంటాం. విని, విన్నది తెలుగులో టైపు చేయాలి. మాకిచ్చిన నియమాల్లో రెండు ముఖ్యమైనవి. మాట్లాడినవాళ్లు ఏ యాసలో మాట్లాడినా రాసేటప్పుడు ‘ప్రామాణిక’ రూపమే రాయాలి. అర్థం కాకపోతే ‘అస్పష్టం’ అనే మీట నొక్కి తర్వాతి క్లిప్పుకు వెళ్లిపోవాలి. రోజుకి ఇన్ని క్లిప్పులని టార్గెట్ ఉండేది. నగరంలో చదువుకున్న కుర్రాడి క్లిప్పు ఒక్కసారి వింటే అయిపోతుంది. ఆదిలాబాద్ వైపు ముసలాయనదో, మా ఊరి వైపు పెద్దావిడదో అయితే నాలుగుసార్లు వెనక్కి తిప్పి వినాలి. మీట నొక్కడానికి రెండు సెకన్లు చాలు. సాయంత్రం ఐదు దాటి ఇంకా నలభై క్లిప్పులు మిగిలి ఉన్నప్పుడు చెయ్యి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. నేనూ నొక్కాను. మా అమ్మ మాట్లాడే యాసనే ‘అస్పష్టం’ అన్నాను.

పై వాళ్లెవరూ శ్రీకాకుళం మాట తీసేయమని చెప్పలేదు. అలాంటి దురుద్దేశం అక్కడ ఎవరికీ లేదు. కానీ క్లిప్పుల లెక్క, టార్గెట్, ఆ మీట, మూడూ కలిసి ఆ పని చేసేశాయి. యంత్రం చెవిన పడాల్సిన ‘నేవు’లు దాని దాకా చేరకుండానే ఆగిపోయాయి. ఎన్నడూ వినని మాట దానికి ఎదురైతే, విన్నవాటిలో దగ్గరగా ఉన్న ‘నేను’ రాస్తుంది. దాని లెక్కలో అది సబబైన పనే.

కృత్రిమ మేధ గురించి ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే చర్చ, దానికి ఎంత తెలివి ఉంది, రేపు ఇంకెంత వస్తుంది అని. నేను అడిగేది వేరు. దాన్ని ఏం చేయమన్నారు? ఏ అంకె తగ్గితే బాగా చేసినట్టు, ఏ అంకె పెరిగితే చెడ్డగా చేసినట్టు? ఆ అంకెను ఎవరు ఎంచారు? కంపెనీవాళ్లు ప్రకటనల్లో చెప్పే లక్ష్యం ఒకటి, లోపల యంత్రానికి అప్పగించిన లక్ష్యం ఒకటి. మన రోజువారీ బతుకు మీద పడేది రెండోది.

మాట వినే యంత్రాన్నే తీసుకోండి. ‘మీ తెలుగు మాకు అర్థమవుతుంది’ అనేది బయటి మాట. లోపల చాలాచోట్ల దాన్ని తూచేది వర్డ్ ఎర్రర్ రేట్‌తో, అంటే నాలాంటివాళ్లు టైపు చేసినదానికీ అది రాసినదానికీ మధ్య ఎన్ని పదాలు తేడా వచ్చాయన్న లెక్కతో. ఇంగ్లిషులో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఎక్కడ వదలాలో దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి ఈ కొలత కొంతవరకు నప్పుతుంది. తెలుగులో అలా కాదు. నేను ‘చేసిపెట్టాను’ అని కలిపి రాశాననుకోండి. యంత్రం ‘చేసి పెట్టాను’ అని విడగొట్టి రాసింది. చదివేవాళ్లకు రెండూ ఒకటే. లెక్కలో మాత్రం రెండు తప్పులు, ఒక పదం మారింది, ఒక పదం ఎక్కువైంది. అదే ‘నీళ్లు లేవు’ బదులు ‘నీళ్లు నేను’ అని రాస్తే పడేది ఒక్క తప్పే. అర్థం చెక్కుచెదరనిది రెండు తప్పులైంది, అర్థమే పోయినది ఒక్క తప్పయింది. ఆ అంకెను తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్న యంత్రానికి మా పిన్ని నీళ్ల కంటే నా స్పేస్‌బార్ ముఖ్యమవుతుంది.

ఎప్పుడూ ఇలాగే కొలిచారా అంటే, లేదు. ఇక్కడ మన తెలుగువాడి కథ ఒకటి చెప్పాలి. డబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకం పిలిచే పేరు రాజ్ రెడ్డి, 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, జాన్ మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేట్ పూర్తి చేశారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పేరు పెట్టింది ఆ మెకార్తీయే, 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశం కోసం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రెడ్డి బృందం యంత్రానికి మాట వినడం నేర్పే పనిలో దిగింది. 1971లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పా (ఇప్పటి డార్పా) ఈ రంగానికి ఐదేళ్ల కార్యక్రమం ప్రకటించి ఒక గీత గీసింది. వెయ్యి పదాలు తెలిసిన యంత్రం కావాలి, అది అర్థంలో చేసే తప్పులు పది శాతం లోపు ఉండాలి. 1976లో రెడ్డి బృందం తయారుచేసిన హార్పీ అనే యంత్రం 1,011 పదాలతో ఆ గీత దాటింది. 1994లో రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి, కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

నాకు ఈ కథలో అవార్డు కంటే ఎక్కువగా నచ్చేది ఆ కొలత. పదం తప్పా, ఒప్పా అని కాదు, అర్థం తప్పా, ఒప్పా అని అడిగారు. యాభై ఏళ్ల కిందటి, ఇప్పుడు చూస్తే ఆటబొమ్మలాంటి కంప్యూటర్లతో ఆ ప్రశ్న వేసుకున్నారు. అర్థాన్ని కొలవడం కష్టమే, ప్రతి వాక్యాన్నీ మనిషి కూర్చుని చూడాలి. పదాలు లెక్కపెట్టడం సులువు, కంప్యూటరే చేసేస్తుంది. కొలవాల్సింది పక్కకు పోయి, సులువుగా కొలవగలిగినదే లక్ష్యమై కూర్చోవడం ఈ రంగానికి పాత జబ్బు.

ఆ జబ్బుకు బాగా తెలిసిన ఉదాహరణ ఒక పడవ పందెం ఆట. 2016లో ఓపెన్‌ఏఐ అనే కృత్రిమ మేధ సంస్థ పరిశోధకులు ఒక యంత్రానికి ఆ ఆట నేర్పారు. వాళ్ల ఉద్దేశం పందెం గెలవమని. దానికిచ్చిన అంకె మాత్రం ఆటలో వచ్చే పాయింట్లు. దారిలో తగిలే గుర్తులు కొడితే పాయింట్లు వస్తాయి. యంత్రం పందెం వదిలేసి, ఒక మూలన మళ్లీ మళ్లీ మొలిచే గుర్తుల చుట్టూ గిరగిరా తిరుగుతూ, మిగతా పడవలను గుద్దుకుంటూ, తాను తగలబడుతూ కూడా పాయింట్లు పోగేసింది. గమ్యం చేరనే లేదు.

ఆటలో పడవ తగలబడితే ఎవరికీ నష్టం లేదు. ఆసుపత్రిలో అలా కాదు. అమెరికాలో ఏ రోగులకు అదనపు వైద్య సాయం అవసరమో ముందే ఊహించే ఒక సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించి, 2019లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. అనారోగ్యాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి, దాని బదులు వైద్యానికయ్యే ఖర్చును ఊహించమని ఆ యంత్రానికి చెప్పారు. ఎక్కువ జబ్బు ఉన్నవాళ్లకు ఎక్కువ ఖర్చవుతుంది కదా అని. కానీ అక్కడి నల్లజాతివారికి అంతే జబ్బు ఉన్నా వైద్యం తక్కువగా అందుతోంది, అందువల్ల ఖర్చూ తక్కువే. యంత్రానికి వాళ్లు ఆరోగ్యంగా కనిపించారు. ఆ దోషం సరిచేస్తే అదనపు సాయం అందేవారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని అధ్యయనం తేల్చింది. యంత్రం ఖర్చును సరిగ్గానే ఊహించింది. తప్పంతా అడిగిన ప్రశ్నలో ఉంది.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను తెచ్చింది. వేర్వేరు శాఖల్లో ఉన్న రికార్డులను జతచేసి, ఈ కుటుంబానికి కారు ఉందా, ఆస్తి ఉందా, ఉద్యోగం ఉందా అని చూసి, సంక్షేమ పథకాలకు అనర్హులెవరో పట్టుకోవడం దాని పని. 2014 నుంచి 2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులన్నింటినీ క్షేత్రస్థాయికి వెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. బయటికొచ్చిన ఉదంతాల్లో ఒకటి హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన మనిషిది. రికార్డుల్లో ఆయనకు కారు ఉందని తేలింది. ఆ కారు వేరే వ్యక్తిది. పేర్లు దగ్గరగా ఉన్నాయి, అంతే.

ఈ పేర్ల గొడవ మన దగ్గర ఎంత ఉంటుందో మీకు తెలిసిందే. లక్ష్మి అనే పేరునే ఇంగ్లిషులో ఆధార్‌లో ఎక్స్‌తో, బ్యాంకు పుస్తకంలో కె ఎస్ హెచ్‌తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట పొడి అక్షరమై వెనక్కిపోతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఊరి పోస్ట్‌మన్‌కు ఏ వెంకటేశ్వర్లు ఎవరో తెలుసు. పేర్ల పోలిక చూసే యంత్రానికి తెలియదు, తెలియదని చెప్పుకునే వీలూ దానికి ఇవ్వలేదు. ఇంత శాతం పోలిక ఉంటే ఒకే మనిషి అని ఎక్కడో ఒక గీత పెట్టి ఉంటారు. ఆ గీత ఎటు జరిపితే ఎవరు నష్టపోతారన్నది రాజకీయ నిర్ణయం. దాన్ని సాంకేతిక విషయం కింద దాచేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఇంకో మాట. రికార్డులన్నీ కలిపి చూసే ఆ యంత్రాన్నే తిప్పి వేరే ప్రశ్న అడగొచ్చు. ఎవరికి భూమి లేదు, ఉద్యోగం లేదు, వాహనం లేదు, అయినా కార్డు కూడా లేదు? ఆ జాబితా తీసి, ‘మీకు అర్హత ఉంది, వచ్చి తీసుకోండి’ అని ఇంటికి కబురు పంపొచ్చు. డేటా అదే, లెక్కా అదే. కార్డు తీసేయడం లక్ష్యమా, కార్డు ఇవ్వడం లక్ష్యమా అన్నది యంత్రం నిర్ణయించదు. మొదటిదాని మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా రెండోదాని మీద పెట్టమని అడిగే హక్కు మనకుంది.

యంత్రాలంటే నాకు కోపమని అనుకోకండి. లక్ష్యం సరిగ్గా కుదిరినచోట ఇవి చేసే మేలు నాకు తెలుసు. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో జరిగిన పని నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. అక్కడ వేరుశనగ వర్షం మీదే ఆధారపడిన పంట. మృగశిర కార్తె వానకు నేల తడిసిందంటే విత్తనం వేసేయాలని చెయ్యి ఆగదు. ఆ తర్వాత రెండు వారాలు బెట్ట పడితే మొలకలు మాడిపోతాయి, విత్తనాల డబ్బు మట్టిలో పోతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి, రాష్ట్ర ప్రభుత్వం తోడుగా, ఆ ప్రాంతపు ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకుని, నేలలో తేమ ఎప్పుడు నిలుస్తుందో అంచనా వేశాయి. 175 మంది రైతులకు తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మీటల ఫోనైనా చాలు. జూన్ మొదట్లో వేయకుండా ఆఖరి వారం దాకా ఆగమన్నది అసలు సలహా. ఆ రైతులకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఒక్క ఏడాది, 175 మంది లెక్క పట్టుకుని దేశమంతా ఇలాగే అవుతుందని నేను అనను. నాకు నచ్చింది ఆ పనిలోని పొందిక. ప్రశ్న రైతుది, ఎప్పుడు విత్తాలి అని. జవాబు రైతు భాషలో వచ్చింది. విత్తాలా వద్దా అన్నది మళ్లీ రైతు చేతిలోనే ఉంది. సలహా నచ్చకపోతే పక్కన పెట్టి తన కార్తెనే నమ్ముకోవచ్చు. ఆ మెసేజ్ పాటించలేదని ఎవరూ అతని కార్డు తీసేయరు.

ఈ తేడాను నేను మా ఇంట్లోనూ చూశాను. నాన్నకు హెర్నియా ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, డిశ్చార్జ్ కాగితాలన్నీ ఫొటో తీసి ఒక చాట్‌బాట్‌కు ఇచ్చి తెలుగులో చెప్పమన్నాను. చాలా బాగా చెప్పింది. మూడో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ, నాన్న కడుపులో డాక్టర్లు ఏం చేశారో మొదటిసారి తనంతట తానే కూడబలుక్కుని చదువుకుంది. అమ్మ మొహంలో ఆ రోజు చూసిన ధైర్యాన్ని నేను తక్కువ చేసి చెప్పలేను. కానీ మందుల చీటీలో పారాసిటమాల్ 650 పక్కన ‘ఎస్ ఓ ఎస్’ అని ఉంది. ఆ లాటిన్ పొడి అక్షరాలకు మన డాక్టర్ల వాడుకలో అర్థం ‘అవసరమైతే వేసుకోండి’ అని. చాట్‌బాట్ ‘అత్యవసర పరిస్థితిలో మాత్రమే’ అని రాసింది. ఆ రాత్రి నాన్నకు కుట్ల దగ్గర నొప్పి లేచింది. "పెమాదమొస్తేనే ఏసుకోమన్నారు కదా, ఇప్పుడే ఏసేస్తే ఎలాగ" అని అమ్మ మాత్ర దాచిపెట్టింది. నాన్న తెల్లారేదాకా పళ్లు బిగబట్టుకుని పడుకున్నాడు. పొద్దున మెడికల్ షాపు అబ్బాయి చీటీ చూసి, "నొప్పుంటే వేసుకోవడానికేనమ్మా ఇది" అన్నాడు. అర నిమిషం పట్టింది.

ఎందుకలా జరిగిందో పని తెలిసినదాన్ని కాబట్టి చెప్పగలను. ఈ చాట్‌బాట్‌లకు మొదట నేర్పేది, కోట్ల పుటల రాతలు చూపించి, ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ ముక్క వస్తుందో ఊహించమని. ఆ తర్వాత మనుషులకు నచ్చే జవాబుల వైపు దిద్దుతారు. లోకంలోని రాతల్లో ఎస్ ఓ ఎస్ అంటే ప్రమాద సంకేతమే ఎక్కువ. మందుల చీటీలో దానికి వేరే అర్థం ఉందని ఎక్కడో చదివే ఉంటుంది, ఇంగ్లిషులో అడిగి ఉంటే బహుశా సరిగ్గానే చెప్పేది. మందుల గురించి తెలుగులో రాసినది అది చదివినదే తక్కువ. తెలుగు దానికి బరువు కూడా. కంప్యూటర్ నిల్వలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. ‘అమ్మ’కు పన్నెండు, అదే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే నాలుగే. అందుకే చాలా యంత్రాలు తెలుగును ఎక్కువ ముక్కలుగా నరికి మింగుతాయి. ఇవన్నీ కారణాలే. కానీ నాకు బాధ కలిగించింది వేరే. దానికి ఆ చోట అనుమానం రాలేదు. వచ్చినా చెప్పలేదు. ‘ఈ మాట మీ మందుల షాపులో ఒకసారి అడగండి’ అని ఒక్క వాక్యం చాలు, నాన్న ఆ రాత్రి నిద్రపోయేవాడు. తెలియనిచోట తెలియదని చెప్పడాన్ని కూడా లక్ష్యంలో భాగం చేయాలి. జవాబు నచ్చిందా అని మాత్రమే అడిగితే, తడబడకుండా చెప్పిన తప్పు కూడా నచ్చేస్తుంది.

ఈ మాటలు అంటే, ‘మనుషులు మాత్రం తప్పులు చేయరా’ అని నన్ను అడుగుతుంటారు. చేస్తారు. కౌంటర్ దగ్గర గుమస్తా లంచం అడుగుతాడు, కులం చూస్తాడు, మధ్యాహ్నం రమ్మని తిప్పుతాడు. యంత్రం లంచం అడగదు, నిజమే. అయితే గుమస్తా తప్పు చేస్తే ఒక ఊళ్లో పదిమందికి తగులుతుంది. అతని పేరు తెలుసు, పై అధికారి ఎవరో తెలుసు, ఊరి పెద్దను వెంటబెట్టుకెళ్లి నిలదీయొచ్చు. యంత్రంలో గీత తప్పుగా పెడితే ఒకే రోజున రాష్ట్రమంతటికీ తగులుతుంది, అడిగితే ‘సిస్టంలో అలా చూపిస్తోందమ్మా’ అంటారు. ఆ మాట చెప్పే మనిషికి మార్చే అధికారం ఉండదు. మార్చే అధికారం ఉన్న మనిషి మనకు కనపడడు.

ఇంకో వాదన, తెలుగు చిన్న మార్కెట్, ఉన్నదానికి సంతోషించాలి అని. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. ఇది చిన్న సంఖ్య కాదు. పైగా చదవడం రానివాళ్లకు, కళ్లు సరిగా కనపడనివాళ్లకు మాట వినే యంత్రం అవసరం అందరికంటే ఎక్కువ. వాళ్లలో చాలామంది మాట్లాడేది పుస్తకంలో లేని తెలుగే. అవసరం ఎక్కువున్నవాళ్ల మాటకే యంత్రం తక్కువ పనిచేస్తే, ఆ పని ఇంకా సగంలో ఉన్నట్టు.

కాబట్టి నేను కోరేవి పెద్ద కోరికలేం కావు. మాట వినే యంత్రం అమ్మేవాళ్లు, తెలుగు మొత్తానికి ఒక్క అంకె చెప్పకుండా, శ్రీకాకుళంలో ఎంత, అనంతపురంలో ఎంత, ఆదిలాబాద్‌లో ఎంత, అరవై దాటినవాళ్ల గొంతుకు ఎంత అని విడివిడిగా చెప్పాలి. అర్థం తప్పిందా లేదా అని మనుషులతో చూపించి చెప్పాలి. ప్రభుత్వం యంత్రం మాట మీద ఎవరి బియ్యమైనా, పింఛనైనా ఆపే ముందు నోటీసు ఇవ్వాలి, కారణం తెలుగులో రాయాలి, తప్పని చెప్పుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఆ మనిషికి మార్చే అధికారం ఉండాలి. క్లిప్పులు రాసేవాళ్లకు కష్టమైన యాసకు ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు ఇవ్వాలి. ఈ ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా అనుభవంలో మిగతావన్నీ దీని దగ్గరే మొదలవుతాయి.

నేను ఆ ఉద్యోగం మానేసే ముందు, మా టీమ్ లీడ్‌కు ఒక ఉత్తరం రాశాను. యాసలో వచ్చిన క్లిప్పుకు రెండు గళ్లు ఇవ్వండి, ఒకదాంట్లో విన్నది విన్నట్టు, రెండోదాంట్లో ప్రామాణిక రూపం రాస్తాం అని. అలా చేస్తే యంత్రం ‘నేవు’ను ‘నేవు’గానే వింటుంది, కావాలంటే ‘లేవు’గా రాసిపెడుతుంది. చూస్తామన్నారు. ఆ తర్వాత ఏమైందో నా దాకా రాలేదు.

పిన్నికి మొన్న ఫోన్ చేశాను. కుళాయి సంగతి అడిగితే, "నీళ్లు వత్తన్నాయమ్మా, ఇప్పుడు కరెంటే నేదు" అంది. గ్రూపులో పెట్టావా అన్నాను. పెట్టానంది. ఆ మెసేజ్ నాకూ పంపింది. "ఉదయం నుంచి కరెంటు లేదు" అని ఉంది. ఎలా పెట్టావని అడిగాను. "ఫోన్తోటి అయితే నేదు అనకూడదు కదా, లేదు అనాల" అంది.